రోటోయిటి మంచులో తెల్లని స్టోట్

ఈ ప్రయాణానికి నేను బయల్దేరింది పక్షుల కోసం. పక్కింటి అపా ఆంటీ బయల్దేరింది మంచు కోసం.

అపా ఆంటీ అసలు పేరు అప్పలమ్మ. డెబ్భై ఒక్కేళ్ళు. వాళ్ళ పెద్దలు విజయనగరం వైపు నుంచి ఫిజీ చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్ళయి, పిల్లలతో వెల్లింగ్టన్ వచ్చి సెటిల్ అయ్యింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా మంచును ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. "దూరంగా కొండ మీద సూసినాను. టీవీలో సూసినాను. అంతే" అంది ఒక రోజు, మా రెండిళ్ళ మధ్య ఫెన్స్ మీద మోచేతులు ఆనించి. ఆవిడ తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. మాటలు అయిపోతే ఫిజీ హిందీ, అదీ చాలకపోతే ఇంగ్లీషు. నాది అనకాపల్లి. ఆవిడ "ఏటి పిల్లా" అన్నప్పుడల్లా నాకు మా బెల్లం మార్కెట్ వినిపిస్తుంది.

ఆగస్టులో, అంటే ఇక్కడి చలికాలంలో, నా పాత కాంట్రాక్టు అయిపోయి కొత్తది మొదలవడానికి మధ్య రెండు వారాలు దొరికాయి. మా ఆయనకి లీవు లేదు. బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని, అపా ఆంటీని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, సౌత్ ఐలాండ్‌లోని రోటోయిటి సరస్సుకు బయల్దేరాను. చలికాలంలో అక్కడ అడవిలోకి మంచు దిగుతుందనీ, ఆ మంచులోనే పిట్టలు మనిషి కాళ్ళ దగ్గరకు వస్తాయనీ విన్నాను.

ఓడ మీద

వెల్లింగ్టన్ గాలి గురించి వెల్లింగ్టన్‌లో ఎవరూ మాట్లాడరు, అలవాటైపోయింది. హార్బరు దాటి, కార్లను కూడా ఎక్కించుకునే మా ఓడ రెండు దీవుల మధ్య జలసంధిలోకి వచ్చాకే ఆ గాలి ఎంతదో తెలిసింది. టీ కప్పులు వాటంతటవే టేబుల్ మీద జరిగాయి. ఆంటీ నా ముంజేయి పట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "అది రెక్కలు కొట్టదేటి?" అంది.

కిటికీ అవతల ఒక ఆల్బట్రాస్. మనిషి చాచిన చేతుల కంటే పొడవైన రెక్కలు. ఒక్కసారీ ఆడించకుండా అల మీద నుంచి అల మీదకు జారుతూ పోతోంది. నేను డెక్ మీదకు పరిగెత్తాను. ఆంటీ కూడా కడ్డీ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. పైట ఎగిరి మొహానికి చుట్టుకుంటున్నా లోపలికి వెళ్ళలేదు.

"మా నాయనమ్మ సెప్పేది. ఆళ్ళమ్మ ఓడలో వచ్చినప్పుడు ఎనకాల పెద్ద పిట్టలు వచ్చేవంట. రోజుల తరబడి. మరి ఇయ్యే అయ్యుంటాయి."

అయ్యుంటాయో లేదో నాకు తెలీదు. కానీ అవే అన్నాను.

సౌత్ ఐలాండ్ తీరం దగ్గర పడ్డాక నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిశ్చలమయ్యాయి. ఒక రాతి మీద సీల్ అనే సముద్ర జంతువు ఒకటి వెల్లకిలా పడుకుని పొట్ట గోక్కుంటోంది. "ఆదివారం మా ఆయన ఇలాగే పడుకునీవోడు" అంది ఆంటీ. చనిపోయి ఆరేళ్ళయిన ఆ అంకుల్ గురించి ఆవిడ నవ్వుతూ మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

చేతి తొడుగులు

బ్లెనమ్‌లో ఆగి ఒక బేకరీలో ‘పై’ అనే, లోపల కూర పెట్టి కాల్చిన రొట్టె తిన్నాం. నాది గుమ్మడికాయది, ఎనిమిది డాలర్లు. ఆంటీది కీమాది. పక్కనే ఉన్ని బట్టల షాపు. ఆంటీ చేతి తొడుగులు తీసుకోకుండా వచ్చింది కాబట్టి లోపలికి వెళ్ళాం. అద్దాల పెట్టెలోంచి తీసి ఇచ్చిన తొడుగులు పిల్లి పిల్లను ముట్టుకున్నంత మెత్తగా ఉన్నాయి.

"పాసమ్ బొచ్చు కలిపి నేసినవి" అంది షాపావిడ. "ఒక జత కొంటే ఒక పక్షిని కాపాడినట్టే."

పాసమ్ అంటే పిల్లి అంత ఉండే, చెట్లెక్కే జంతువు. ఒకప్పుడు బొచ్చు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడు అడవుల్ని మేసేస్తున్నాయని, గుడ్లు తినేస్తున్నాయని చంపుతారు. ఈ దేశంలో గబ్బిలం తప్ప నేల మీద బతికే పాలిచ్చే జంతువు ఏదీ మొదట్నుంచీ లేదు. అందుకే ఇక్కడి పిట్టలు నేల నుంచి ప్రమాదం వస్తుందని నేర్చుకోలేదు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. అయినా ఆ వాక్యం అంత హాయిగా చెప్పడం నాకు గుచ్చుకుంటుంది. మా నాయనమ్మ ఇంట్లో తేలు కనిపించినా చేటలోకి ఎక్కించి తుప్పల్లో వదిలి వచ్చేది. నేను ఆవిడ పెంచిన పిల్లని. వేరే రకం తొడుగులున్నాయా అని అడిగాను. ఆంటీ ఈలోగా పాసమ్‌వి తొడుక్కుని చెంపలకు ఆనించుకుంటోంది.

"సచ్చింది ఎలాగూ సచ్చింది గదా పిల్లా. ఎచ్చగుంది" అని కొనేసింది.

గోతిలో కారు

ద్రాక్షతోటలు అయిపోయాక రోడ్డు లోయలోకి దారి తీసింది. రెండు పక్కలా కొండలు తెల్లబడుతూ వచ్చాయి. సెయింట్ ఆర్నాడ్ ఊరు ఇంకో నాలుగు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు మీద కూడా మంచు మొదలైంది. నేను బ్రేకు తొక్కాను. తొక్కకూడదని తర్వాత తెలిసింది. కారు మా మాట వినకుండా, చాలా నెమ్మదిగా, మర్యాదగా, పక్కకు జారి గోతిలో ఒరిగింది.

ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆంటీ తలుపు తెరవబోతే తలుపు మంచులో గుచ్చుకుంది. ఆ సందులోంచి చెయ్యి పెట్టి గుప్పెడు మంచు తీసింది. కొన్న తొడుగులు ఒళ్ళోనే ఉన్నాయి, వట్టి చేత్తోనే తీసింది. అలా పట్టుకుని చూస్తూ కూర్చుంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి చీర తడుస్తోంది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. నేను ఫోన్లో సిగ్నల్ కోసం వెతుకుతూ కంగారు పడుతుంటే ఆవిడ, "ఉండు. తొందరేటి?" అంది.

పావుగంటకి ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. దిగినాయనకు డెబ్భై దగ్గర ఉంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఆ చలిలోనూ షార్ట్స్. పేరు కాలిన్ అన్నాడు. చాలాకాలం గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేశాడట, ఇప్పుడు ఈ ఊళ్ళో ఉంటున్నాడు. తాడు కట్టి కారును పైకి లాగాడు. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకున్నాడు. ఆంటీ తన సంచీలోంచి వెండికాగితంలో చుట్టిన బంగాళాదుంప కూర రోటీ తీసి చేతిలో పెట్టింది. దాన్ని మాత్రం కాదనలేదు. నిలబడే తినేశాడు. రెండోది కూడా.

"పక్షులు చూడ్డానికి వచ్చారా?" అన్నాడు నా బైనాక్యులర్స్ చూసి. "రేపు ఉదయం, పిట్టల్ని తినే జంతువులకు నేను పెట్టిన బోన్ల దారిలో నడవండి. నా రాబిన్ పిట్టల్ని చూపిస్తాను."

బోన్లు అనగానే నా మొహం మారి ఉంటుంది. ఆయన గమనించాడు.

నల్ల చెట్ల అడవి

మర్నాడు తొమ్మిదింటికి సరస్సు ఒడ్డున కలిశాం. రాత్రి పడ్డ మంచు చీలమండల దాకా ఉంది. సరస్సు మీద నల్ల హంసలు రెండు, నీళ్ళు కదలకుండా. ఆ అడవిలో బీచ్ అనే జాతి చెట్ల మానులు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. బెరడులో ఉండే చిన్న పురుగులు తెల్ల వెంట్రుకల్లాంటి దారాలు బయటికి పెడతాయి. ఒక్కో దారం చివర ఒక తీపి బొట్టు. కాలిన్ చూపిస్తే ఒక బొట్టు వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను. ఆంటీ కూడా. "బెల్లం పాకం. పలసన" అని తీర్పు చెప్పింది.

ఆంటీకి చేతికర్ర, నా చెయ్యి, రెండూ కావాల్సి వచ్చింది. కాలిన్ ఆవిడ నడకకు తగ్గట్టు నడిచాడు. ఒకచోట ఆగి, బూటుతో మంచు పక్కకు నెట్టి, కింద నేలను కొద్దిగా గీకాడు. "ఇప్పుడు కదలకండి."

నిమిషం కాలేదు. కొమ్మ మీంచి రాతిపలక రంగు పిట్ట ఒకటి దిగింది. పిచ్చుక కంటే కాస్త పెద్దది, లేత పసుపు రొమ్ము, అగ్గిపుల్లల్లాంటి పొడుగు కాళ్ళు. సౌత్ ఐలాండ్ రాబిన్. అది గీకిన నేలకేసి చూసింది, మా ముగ్గురికేసి చూసింది, ఎగిరొచ్చి ఆంటీ బూటు మీద నిలబడింది. ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని రెండో కాలి మీద.

ఆంటీ ఊపిరి బిగబట్టింది. పెదాలు కదుపుతూ నాతో, "బరువే నేదు" అంది.

కాలిన్ గొంతు తగ్గించి చెప్పాడు. "ఇది మగది. పోయిన వసంతంలో దీని జంట గూటిలో కూర్చుని ఉండగా స్టోట్ వచ్చింది. తల్లినీ పిల్లల్నీ తీసుకుపోయింది. ఆ తర్వాత ఇది ఎండాకాలమంతా పాడుతూనే ఉంది. తోడు లేని మగది రోజంతా పాడుతుంది. నేను ఈ దారిలో వస్తుంటే వినలేకపోయేవాణ్ణి. మొన్న జూన్‌లో కొత్త ఆడది వచ్చింది. అప్పట్నుంచి దాదాపు నోరు మూసుకుంది. అదే మంచి వార్త."

స్టోట్ ముంగిసకు చుట్టం లాంటిది. సన్నగా, పొడుగ్గా, జానెడు పైన ఉంటుంది. కుందేళ్ళు ఎక్కువయ్యాయని వాటిని తినడానికి ఇంగ్లాండు నుంచి తెచ్చారు. కుందేళ్ళ కంటే ఎగరడం సరిగా రాని పిట్టలు సులువని వాటికి త్వరగానే తెలిసింది. కాలిన్, ఊళ్ళో ఇంకొందరు కలిసి అడవి దారి పొడుగునా సొరంగం లాంటి చెక్కపెట్టెలు పెట్టారు. లోపల గుడ్డు, దాని ముందు స్ప్రింగు బోను. ఒక పెట్టెలో ఆ ఉదయం ఎలుక ఉంది. నేను చెట్టు వైపు తిరిగి నిలబడ్డాను. ఆంటీ చూసింది.

"ఒక స్టోట్ ఉంది" అన్నాడు కాలిన్. "అడుగులు కనిపిస్తున్నాయి. పెట్టెల దగ్గరికి రాదు. ఎక్కడ దాటుతోందో తెలీడం లేదు. అది తెలిస్తే చాలు."

వాగు దగ్గర

కాలిన్ పైన నిటారుగా ఉన్న దారిలో మిగతా పెట్టెలు చూసి వస్తానన్నాడు. ఆంటీ బెంచీ మీద కూర్చుంది, ఫ్లాస్కులో టీ పెట్టుకుని. నేను పక్కనే ఉన్న వాగు వెంట కొద్ది దూరం వెళ్ళాను. బొటనవేలంత ఉండే రైఫిల్‌మన్ అనే పిట్టలు అక్కడ చెట్ల మానుల మీద పాకుతూ కనిపిస్తాయని కాలిన్ చెప్పాడు.

వాగు మీద ఒక దుంగ అడ్డంగా పడి ఉంది. దాని మీద మంచు కదిలింది. మంచు కాదు. తెల్లటి ప్రాణి. తోక కొస మాత్రం సిరాలో ముంచినట్టు నల్లగా. మామూలుగా గోధుమరంగులో ఉండే స్టోట్లు ఈ దేశంలో చలికాలంలో అన్నీ తెల్లబడవట, ఎత్తు కొండల్లో కొన్నే. అది దుంగ మీద అటూ ఇటూ గెంతింది. మంచులో తల దూర్చి నాలుగడుగుల అవతల బయటికి వచ్చింది. మళ్ళీ దూర్చింది. ఎవరూ చూడటం లేదనుకున్న పిల్ల ఆడుకున్నట్టే. ఒకసారి వెనక కాళ్ళ మీద లేచి నా వైపు చూసింది. మీసాల మీద మంచు రవ్వలు. నేను బైనాక్యులర్స్ ఎత్తడం కూడా మరిచిపోయాను. ఇన్నేళ్ళలో నేను చూసిన జంతువుల్లో అంత అందమైనది లేదు.

దుంగ దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. రాబిన్లు ఉండే వైపుకు.

తిరిగొచ్చేసరికి కాలిన్ బెంచీ దగ్గర ఉన్నాడు. "ఏమైనా కనిపించిందా?"

"ఏం లేదు" అన్నాను. "ఒకటి రెండు చిన్న పిట్టలు."

ఆయన నవ్వి తల ఊపాడు. నమ్మాడు. ఆంటీ మాత్రం ఫ్లాస్కు మూత బిగిస్తూ నా మొహం చూసింది.

అపా ఆంటీ చెప్పింది

మేం అద్దెకు తీసుకున్న క్యాబిన్‌లో సాయంత్రం హీటరు ముందు కూర్చుని, నేను తెచ్చిన పులిహోర తింటున్నాం. ఆంటీయే అడిగింది. "ఏటి సూసినావు?"

చెప్పేశాను. అబద్ధం ఆడినట్టు కూడా చెప్పాను. "చూసిన చోటు చెబితే ఆయన పెట్టె తెచ్చి ఆ దుంగ మీదే పెడతాడు ఆంటీ. నా మాట మీద అది చస్తుంది."

ఆవిడ కంచంలో మిగిలింది తినేసింది. తర్వాత కంచం పక్కన పెట్టింది.

"మా ఊర్లో ముంగిసలు ఉండీవి. చెరుకు తోటల నిండా. నా సిన్నప్పుడు కోడిపిల్లల్ని ఎత్తుకుపోయీవి. తోటల్లో ఎలకలు ఎక్కువైనాయని ఇండియా నుంచి తోటల దొరలు తెచ్చినారంట. మా తాతల్ని తెచ్చినోళ్ళే. అవీ ఓడలోనే వచ్చినాయి." వేళ్ళకు అంటిన పసుపు చూసుకుంది. "మా నాయనమ్మకి తెలిసిన నేల పిట్ట ఒకటి ఉండీది. సాయంత్రం కూసీదంట. దాని పేరు సెప్పీది. నాను ఒక్కసారి కూడా సూడనేదు. ముంగిసలు తినేసినాయి. ఇప్పుడు ఆ పేరు కూడా నాకు గుర్తు రాదు."

"అయితే చెప్పమంటారా?"

"నాకేటి తెలుసు పిల్లా? ముంగిస రమ్మంటే వచ్చిందా? నేదు. మా తాత వచ్చినాడా? ఆయనకీ ఏటీ తెలీదు. తప్పు దానిది కాదు. మరి ఆ పిట్టది కూడా కాదు గదా."

అంతే అంది. నా కంచం కూడా తీసుకెళ్ళి కడిగింది. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

నాచు

మూడో రోజు మధ్యాహ్నానికి మేం తిరిగి ఓడ ఎక్కాలి. పొద్దున్నే ఆంటీని నిద్ర లేపకుండా ఒక్కదాన్నే రాబిన్ల దగ్గరికి వెళ్ళాను. కాలిన్ చేసినట్టే నేల గీకాను. మగది రాలేదు. కాస్త దూరంలో, రంగు కొంచెం వెలిసినట్టున్న ఇంకో రాబిన్ మంచు లేని ఒక రాయి మీద దిగింది. ముక్కుతో రాతి మీది నాచును పీకింది. నోటికి పట్టనంత. కొంత కింద పడితే మళ్ళీ తీసుకుంది. అలా మీసాల్లా వేలాడుతున్న పచ్చ నాచుతో చెట్టు చీలికలోకి ఎగిరింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాచు.

ఇంత మంచులో గూడు మొదలుపెట్టింది.

మగది పక్క కొమ్మ మీద ఉంది. పాడటం లేదు. ఆడది వెళ్తుంటే చూస్తోంది, వస్తుంటే చూస్తోంది.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కాళ్ళు మొద్దుబారాయి. తర్వాత నేరుగా కాలిన్ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాను. ఆయన ఓట్స్ గిన్నెతో వచ్చాడు.

"నిన్న మీతో అబద్ధం చెప్పాను" అన్నాను. "స్టోట్‌ను చూశాను. తెల్లది. వాగు మీద దుంగ దాటుతోంది."

ఆయన నన్ను తిట్టలేదు, సంతోషించనూ లేదు. గిన్నె గుమ్మం మీద పెట్టి బూట్లు వేసుకున్నాడు. షెడ్డులోంచి ఒక పెట్టె భుజాన వేసుకుని వాగు దాకా నాతో నడిచాడు. దుంగ మీద చిన్న చిన్న అడుగుల జంటలు కొత్తగా పడి ఉన్నాయి. వాటి పక్కన వంగి చూశాడు.

"మీరు వెళ్ళొచ్చు. నేను పెట్టుకుంటాను."

"ఉంటాను" అన్నాను. చెప్పింది నేనే, మొహం తిప్పుకోవడం సరికాదనిపించింది. ఆయన పెట్టె అమర్చి, గుడ్డు పెట్టి, స్ప్రింగు బిగించాడు.  

"నేను కూడా ఒకసారి తెల్లదాన్ని చూశాను" అన్నాడు లేచి. "చాలా ఏళ్ళ కింద. మా ఆవిడకు చెప్పాను, ఇంకెవరికీ చెప్పలేదు. ఆ ఏడాది ఈ వాగు వెంట ఒక్క గూడూ మిగల్లేదు."

క్యాబిన్ దగ్గరికి వచ్చేసరికి ఆంటీ సంచీలు సర్ది కారు పక్కన నిలబడి ఉంది. నా మొహం చూసింది. తన పాసమ్ తొడుగులు తీసి నా చేతులకు తొడిగింది. వెచ్చగానే ఉన్నాయి. ఓడ దాకా అవి నా చేతులకే ఉన్నాయి.

వెల్లింగ్టన్

మూడు వారాల తర్వాత, కొత్త ఆఫీసుకు వెళ్ళడానికి బస్సు స్టాపులో ఉండగా కాలిన్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అపా ఆంటీ కూడా నా పక్కనే ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్తూ. ఆవిడకు చదివి వినిపించాను.

"మంగళవారం పెట్టెలో పడింది. వెంటనే పోయింది, బాధ పడలేదు. మామూలుగా ఫొటో తీసి మా వాళ్ళకి పంపుతాం. ఇది తీయలేదు. దుంగ పక్కన పాతిపెట్టాను. అలా నేనెప్పుడూ చేయలేదు. ఆడ రాబిన్ గుడ్ల మీద కూర్చుంది. మగది తిండి మోసుకొస్తోంది. రోటీలు ఇచ్చినావిడకు నమస్కారం చెప్పండి."

నేను ఫోను సంచీలో పెట్టుకున్నాను. మంచి వార్త విన్నట్టూ ఉంది, ఎవరో పోయినట్టూ ఉంది. ఏడుపు వచ్చేలా ఉందని తల పక్కకు తిప్పాను. రోడ్డు మీద ఎప్పటి గాలే.

ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "నాను బెంచీ మీద కూసుండిపోనాను. సూడనేదు. ఎలాగుంది అది? సెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. తోక కొస ఎంత నల్లగా ఉందో, మంచులో తల దూర్చి ఎక్కడ తేలిందో, వెనక కాళ్ళ మీద లేచి నా వైపు ఎలా చూసిందో. మా బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు కాసేపు మా కోసం తలుపు తెరిచి ఉంచాడు. తర్వాత వెళ్ళిపోయాడు. మీసాల మీది మంచు రవ్వల దగ్గరికి వచ్చాను. ఆంటీ ఇంకా వింటోంది.